దసరాకి తీసుకున్న ఏళ్ళు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను చదవని పుస్తకాలు తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు. కొంచెం గొప్పే అనుకున్నా ఫరవాలేదు. పదో తరగతి తప్పి ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరినవాణ్ణి. కొట్టు కట్టేశాక నా వయసు వాళ్ళందరూ టీ బడ్డీ దగ్గర చేరితే నేను గ్రంథాలయంలో చేరేవాణ్ణి. తేనెటీగల పెంపకం, రోము చరిత్ర, గుండె జబ్బులు, రాజ్యాంగం, ఏది దొరికితే అది చదివాను. పింఛన్ల చట్టం కూడా అక్కడే చదివాను. చట్టం పుస్తకంలో ఉంది. ఆ చట్టం మా అక్క ఇంట్లోకి వచ్చి ఏం చేసి వెళ్ళిందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రైస్ మిల్లు పనివాళ్ళకి రాసే అలవాటు లేదు. మిల్లు ఓనరు గారికి రాసే అవసరం లేదు. ఆఫీసు వాళ్ళు రాసేది వేరు. అందుకని నేను రాసిపెడుతున్నాను. దీనివల్ల ఏదో మారుతుందని కాదు. ఇలా జరగలేదని రేపు ఎవరూ అనకూడదు, అంతే.

మా అక్క మొగుడు, అంటే మా బావ, రావులపాలెం దగ్గర కాలవ గట్టు మీదున్న రైస్ మిల్లులో డ్రైవరు. లారీ డ్రైవరు కాదు. మా వైపు మిల్లులో యంత్రాలు నడిపేవాణ్ణి డ్రైవరు అనే అంటారు. పెళ్ళయిన కొత్తలో చేరాడు. ఎక్కడ బెల్టు జారిందో, ఎక్కడ బేరింగు వేడెక్కిందో చెవితోనే చెప్పేసేవాడు. ఇంట్లో అక్క మాట మాత్రం మూడుసార్లు చెప్తే గాని వినపడేది కాదు.

మిల్లు పని ధాన్యంతో పాటే వస్తుంది, ధాన్యంతో పాటే పోతుంది. కార్తీకం నుంచి సార్వా ధాన్యం, వేసవిలో దాళ్వా ధాన్యం. ఆషాఢం వచ్చేసరికి గోదాములు ఖాళీ. అప్పటినుంచి దసరా దాకా మిల్లు పేరుకే ఉంటుంది. ఆ ఖాళీలో ఒక ఆనవాయితీ నడిచేది. ఆషాఢంలో అందరూ పని మానేసినట్టు కాగితం రాసేవారు. మానేసిన రెండు నెలలకి పీఎఫ్ డబ్బు మొత్తం తీసుకోవచ్చని రూలు. ఆ రెండు నెలలూ గడిచేసరికి దసరా వచ్చేది, దసరాతో పాటు డబ్బూ వచ్చేది. విజయదశమి నాడు యంత్రాలకి పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అందరినీ కొత్తగా పనిలో చేర్చుకున్నట్టు రాసేవారు. దీన్ని దసరా లెక్క అనేవారు.

ఇందులో ఓనరు గారి కుట్ర ఏమీ లేదు. ఆయనకీ సుఖంగానే ఉండి ఉంటుంది గాని, అడిగింది మాత్రం పనివాళ్ళే. ఒక ఏడాది ఆయన గుమాస్తా బద్ధకించి కాగితాలు పంపకపోతే, జట్టంతా మిల్లు గేటు దగ్గర కూర్చున్నారు. డబ్బు వచ్చిందంటే కొందరు ఆటో మాట్లాడుకుని, మందు చవగ్గా దొరికే యానాం వెళ్ళి, మర్నాటి దాకా కనపడేవారు కారు. మా బావ అలాంటివాడు కాదు. ఒక దసరాకి వంటింటి మీద రేకులు తీయించి స్లాబు వేయించాడు. ఒక దసరాకి అక్కకి దుద్దులు. ఒక దసరాకి పాడి గేదె. ఆ ఇల్లు నిలబడిందే దసరాల మీద.

నాకు ఆ డబ్బు చూస్తే అసూయగా ఉండేది. మా కొట్లో పనిచేసేవాళ్ళం అంతా కలిపి ఒక ఆటోలో పడతాం. అంత చిన్న కొట్టు గుమ్మం ఎక్కమని చట్టంలో లేదు. నాకు పీఎఫ్ లేదు, పింఛనూ లేదు. బావ నన్ను ఏడిపించేవాడు.

"ఏమోయ్ ప్లీడరు గారూ, అన్ని పుస్తకాలు చదివావు కదా, నీకు దసరా ఏ పేజీలో ఉందో చూసుకోలేకపోయావా?"

ఆయనకి యాభై దాటాక ఊపిరి అందడం తగ్గింది. ఊక దుమ్ములో అన్నేళ్ళు ఉన్నవాళ్ళకి అది మామూలే అన్నాడు కాకినాడ డాక్టరు. మామూలే అంటూనే, మిల్లు మానేయమన్నాడు. ఆ సాయంత్రం అక్క నన్ను వీధరుగు మీద కూర్చోబెట్టి అడిగింది.

"ఒరేయ్, ఇన్ని చదివావు. మీ బావ మానేస్తే నెల నెలా ఏదైనా వచ్చే దారి ఉందేమో చూడరా. సర్కారు ఉద్యోగం వాళ్ళకి వస్తుంది కదా, మాకెందుకు రాదు?"

నన్ను ఒకరు పని అడగడం, అదీ చదువుకి సంబంధించిన పని అడగడం, అదే మొదటిసారి. మర్నాడు కొట్టు ఎప్పుడు కట్టేస్తారా అని చూశాను. గ్రంథాలయం ఆవిడ అలమరా వెనక నుంచి పీఎఫ్ చట్టం పుస్తకం దుమ్ము దులిపి ఇచ్చింది. కొత్త సవరణలు అందులో లేకపోతే తన ఫోన్లో చూపించింది. ఫోను నా చేతికి ఇచ్చి, తను పేపర్లు సర్దుకుంటూ కూర్చుంది.

నాకు అర్థమైంది ఇది. పీఎఫ్ అంటే జీతంలో కోసేది, మానేశాక వచ్చేది అనే అందరికీ తెలుసు. కాని యజమాని వేసే వాటాలో కొంత విడిగా పింఛను నిధికి పోతుంది. సర్వీసు పదేళ్ళుంటే, యాభై ఎనిమిది నిండాక నెల నెలా పింఛను వస్తుంది. ఆ మనిషి పోయాక భార్యకి అందులో కొంత వస్తుంది. పదేళ్ళూ ఆగకుండా చెయ్యాలని కూడా లేదు. మధ్యలో మానేసినప్పుడు పింఛను వాటా డబ్బు తీసుకోకుండా, దానికి బదులు ఒక సర్టిఫికెట్ తీసుకుంటే, చేసిన ఏళ్ళు నిలిచి ఉంటాయి. డబ్బు తీసుకుంటే ఆ ఏళ్ళు కొట్టేసినట్టే. మా వాళ్ళు ప్రతి దసరాకీ డబ్బే తీసుకున్నారు. డబ్బు ఇస్తానంటే కాగితం తీసుకునేవాడు గోదావరి జిల్లాల్లో ఎక్కడున్నాడు?

మూడు దశాబ్దాలు చేసిన మనిషికి చట్టం దృష్టిలో పోయిన దసరా నుంచే సర్వీసు.

ఓనరు గారిని అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేం దాచానండీ? మీ బావగారు అడిగారు, నేను సంతకం పెట్టాను. వద్దని ఒక్కరు చెప్పినా ఆపేవాణ్ణి" అన్నారు. నిజమే.

బావా నేనూ రాజమండ్రి పీఎఫ్ ఆఫీసుకి వెళ్ళాం. సీట్లో ఉన్నావిడ మంచి మనిషి. బావ ఆయాసం చూసి ముందు కూర్చోమంది, మంచినీళ్ళు తెప్పించింది. నేను బస్సులో తయారు చేసుకున్నదంతా చెప్పాను: తీసుకున్న పింఛను వాటా వడ్డీతో సహా తిరిగి కడతాం, గేదెని అమ్మైనా కడతాం, ఆ ఏళ్ళు మళ్ళీ కలపండి అని. ఆవిడ మధ్యలో ఆపకుండా అంతా విన్నది.

"మిల్లుల వాళ్ళందరూ ఇదే అడుగుతారండీ. ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి రూలు లేదు. నాకు కలపాలనే ఉంటుంది. దేంట్లో కలపను?"

"చట్టం మారిస్తే?" అన్నాను.

"మారిస్తే చేస్తామండీ. రాయండి మీరు. రాయడం తప్పు కాదు."

తిరుగు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. బ్రిడ్జి దాటుతుంటే అన్నాడు, "పోన్లేరా. దసరాలన్నీ బాగా చేసుకున్నాం. వాటిని మాత్రం వెనక్కి అడగరు కదా."

నేను రాశాను. ఢిల్లీకి, మంత్రికి, కమిటీలకి, పేపర్లకి. నాకు రాయడం వచ్చు. నెలలు నెలలు మూతపడే మిల్లుల్లో మూతపడ్డ కాలాన్ని కూడా సర్వీసుగా లెక్కించాలి అని రాశాను. పండక్కి పింఛను వాటా తీసుకునే వీలు తీసేయాలి, యజమాని వేసింది వృద్ధాప్యం దాకా ఎవరి చేతికీ అందకూడదు అని రాశాను. తెలియక తీసుకున్నవాళ్ళు తిరిగి కట్టి ఏళ్ళు కలుపుకునే అవకాశం ఒక్కసారి ఇవ్వాలి అని రాశాను. మిల్లులో సంతకాలు పెట్టించబోతే బాయిలరు దగ్గర పనిచేసే పెద్దాయన కాగితం అంతా చదివించుకుని విన్నాడు.

"మూడోది బాగుంది. రెండోది కొట్టెయ్యి" అన్నాడు. "పండక్కి డబ్బులు రాకూడదని మేమే సంతకం పెట్టాలా? మతుండే రాశావా?"

రెండోది కొట్టెయ్యలేదు. అది లేకపోతే మిగతావి నిలబడవని నాకు తెలుసు. అందుకని సంతకాలు తక్కువొచ్చాయి. జవాబు మాత్రం ఒకటి వచ్చింది. మీ అర్జీ అందింది, సంబంధిత శాఖకి పంపాం అని.

నేను ఏది చదివినా అక్క అరుగు మీద కూర్చుని పైకి చదివే అలవాటు. చదువుతూ అర్థం చెప్పడం నాకు ఇష్టం, వినడం వాళ్ళకి అలవాటయింది. ఒకరోజు ఇంకా ఏదైనా సందు దొరుకుతుందేమోనని పింఛను రూల్స్ తెచ్చి, ఒక్కొక్కటీ తెలుగులో చెప్తూ పోతున్నాను. సభ్యుడు సర్వీసులో ఉండగా చనిపోతే అన్న చోటికి వచ్చాను. అలాంటప్పుడు పదేళ్ళ నియమం లేదు, ఒక్క నెల వాటా కట్టి ఉన్నా చాలు, భార్యకి పింఛను ఇవ్వాలి, అని సగం చదివాక గాని నేనేం చదువుతున్నానో నాకు తెలియలేదు. ఆపేశాను.

"ఆపావేం? చదువు" అన్నాడు బావ.

అక్క లోపల చేపలు కడుగుతోంది. కుళాయి శబ్దం వినపడుతోంది.

"అంటే నేను మిల్లులో ఉండగా పోతే మీ అక్కకి నెల నెలా వస్తుంది. యాభై ఎనిమిది దాటి బతికితే రాదు. అంతేనా ప్లీడరు గారూ?"

"అంత మొరటుగా రాయలేదు బావా."

"నీలాంటి చదువుకున్నవాడు రాశాడు కదా. మొరటుగా ఎందుకు రాస్తాడు?"

ఆ తర్వాత ఆయన మానేసే మాట ఎత్తలేదు. ఆషాఢంలో అందరూ కాగితాలు రాస్తుంటే బావ ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, నా పేరు తియ్యకండి, నాకు దసరా లెక్క వద్దు అన్నాడు. ఓనరు గారు నమ్మలేదట. డబ్బులొద్దా అని రెండుసార్లు అడిగారట. మిల్లు తిరగకపోయినా బావ రోజూ వెళ్ళి యంత్రాలకి నూనె వేసి, బెల్టులు చూసి వచ్చేవాడు. అక్క ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. "ఇంట్లో కూర్చుంటే ఇంకా ఆయాసం వస్తుందే" అనేవాడు. ఆయన ఎందుకు వెళ్తున్నాడో అక్కకి తెలియదు. నాకు తెలుసు. నేను ఓనరు గారితో చెప్పి ఆయన్ని దుమ్ము తక్కువుండే కాటా దగ్గరికి మార్పించాను. రెండు రోజుల్లో మళ్ళీ యంత్రాల దగ్గరికే పోయాడు. "కాటా దగ్గర ఎవడు పోతాడ్రా" అని నవ్వాడు. ఆ నవ్వు వెనక ఎంత దగ్గు వచ్చిందో నేను చెప్పను.

మా ఇద్దరి మధ్యా ఈ సంగతి ఇంక మాటల్లోకి రాలేదు. నేను గ్రంథాలయానికి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినా చట్టాల అలమరా వైపు పోలేదు. కథల పుస్తకాలు చదివాను.

పోయిన దసరా వెళ్ళాక, దీపావళికి ముందు, పేపర్లో వచ్చింది. పని మానేశాక పీఎఫ్ పూర్తిగా తీసుకోవడానికి ఇక రెండు నెలలు చాలదు, గడువు బాగా పెంచుతున్నారు. పింఛను వాటాకైతే ఏళ్ళ తరబడి ఆగాలి. నేను రాసిన రెండో కోరిక దాదాపు అలాగే ఉంది. ఢిల్లీలో ఎవరూ నా కాగితం చదివి ఈ పని చేసి ఉండరు, అంత తెలివి నాకుంది. పోయిన ఏళ్ళు కలపడం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మర్నాడు బాయిలరు పెద్దాయన కొట్టుకే వచ్చాడు. యూరియా కోసం నిలబడ్డ రైతులందరి ముందూ మొదలుపెట్టాడు.

"సాధించారండీ లైబ్రరీ గారూ. మీ బావేమో డబ్బులొద్దన్నాడు, తమరేమో ఢిల్లీకి కాగితం పంపారు. రూలు మారిపోయింది. ఇంతమంది పండగ తిన్నారు మీరిద్దరూ."

"నేను మార్చలేదు బాబాయ్. మంచికే మార్చారు. రేపు మీకు పింఛను..."

"రేపటి సంగతి దేవుడెరుగు. నా మనవరాలికి చెవులు కుట్టిస్తానని చెప్పాను వచ్చే దసరాకి. నువ్వొచ్చి చెప్పు దానికి, పింఛనొస్తుంది ఆగమని."

రైతులు నవ్వారు. నేను బిల్లు రాసుకుంటూ ఉండిపోయాను. చట్టం మంచిదని చెప్పడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో! ఆ పిల్ల చెవుల ముందు ఒక్కటీ పనికిరాలేదు.

ఆ చట్టం మంచి కూడా మా మిల్లులో ఎన్నాళ్ళో నిలవలేదు. కార్తీకంలో కొత్తగా చేరినవాళ్ళు, పీఎఫ్ మాకొద్దండీ, కోసేదేదో చేతికే ఇచ్చేయండి అన్నారు. ఓనరు గారు ఇద్దామన్నారు. జట్టుని ఒక మేస్త్రీ కింద పెట్టి, వాళ్ళ పేర్లు పుస్తకంలోకే ఎక్కకుండా చేశారు. అందరూ సంతోషంగానే ఉన్నారు.

బావ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఊడ్పుల రోజుల్లో పుట్టాడని వాళ్ళమ్మ అనేది. ఆధార్ తీసేవాడు అడిగితే బావ అదే చెప్పాడు. వాడు చాలామందికి రాసినట్టే జనవరి ఒకటి అని కొట్టాడు. అందుకని ఇంగ్లీషు ఏడాది మొదటి రోజున ఆయనకి యాభై ఎనిమిది నిండాయి. మిల్లులో శాలువా కప్పారు, పంచెల చాపు పెట్టారు, అరటిపళ్ళ గెల ఒకటి ఆటోలో వేసి పంపారు. పింఛను సభ్యత్వం ఆ రోజుతో సరి. అక్క పాయసం వండింది. అందరూ వెళ్ళాక బావ నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నాడు.

"తప్పానురా పరీక్ష. నీలాగే."

నేను లేచి అరటిపళ్ళ గెల లోపల పెట్టి వచ్చాను.

దాళ్వా ధాన్యం మిల్లుకి వస్తున్న రోజుల్లో, చైత్రంలో, ఆయన పోయాడు. ఇంట్లోనే, కాఫీ తాగాక, పట్టపగలు. ఊడ్పులు ఇంకా మొదలు కాలేదు. వాళ్ళమ్మ చెప్పిన లెక్క ప్రకారం ఆయనకి యాభై ఎనిమిది నిండనే లేదు. దినం అయ్యాక నేను మళ్ళీ రాజమండ్రి వెళ్ళాను. ఆవిడే ఉంది. జనవరిలో సభ్యత్వం అయిపోయింది కదండీ అంది. అవునండీ అన్నాను. మిగిలిన కొద్ది డబ్బు అక్క పేర రావడానికి కాగితాలు ఆవిడే దగ్గరుండి పూర్తి చేయించింది.

ఇప్పుడు అక్క మిల్లులో నూకలు చెరుగుతోంది, మేస్త్రీ కింద. నీ పేరు పుస్తకంలో రాయించమని ఓనరు గారిని అడగనా అన్నాను. "ఎందుకురా" అంది. నిజమే. ఇవాళ రాసినా, పదేళ్ళు నిండక ముందే అక్కకి యాభై ఎనిమిది నిండిపోతాయి. ఈ ఒక్క లెక్క నాకు గ్రంథాలయం అక్కర్లేకుండా వచ్చింది.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకి దండం పెట్టాలి. పేర్లు వద్దన్నారు కాబట్టి మనుషుల్ని చెప్తాను. తన ఫోను నా చేతికిచ్చి నమ్మిన గ్రంథాలయం ఆవిడకి. చెయ్యలేనని చెప్తూ కూడా నీళ్ళిచ్చి కూర్చోబెట్టిన ఆఫీసరమ్మకి. పాత సంగతులు ఏవీ దాచకుండా చెప్పిన ఓనరు గారికి. సంతకం పెట్టిన కొద్దిమందికి. పెట్టకపోయినా బావ పాడె మోసిన బాయిలరు పెద్దాయనకి. రాసే వేళకి కొట్టు తాళం నాకు వదిలి వెళ్ళిన మా యజమానికి. అన్నిటికీ మా బావకి.

చివరగా మా అక్కకి. బావ ఆ చివరి ఏడాది మిల్లుకి ఎందుకు వెళ్ళాడో ఇది రాసే ముందే తనకి చెప్పాలనిపించి చెప్పాను. చాలాసేపు చేటలో నూకలు అటూ ఇటూ కదిపింది. "ఇదంతా రాస్తే ఏమైనా వస్తుందా?" అని అడిగింది. ఏమీ రాదన్నాను.

"రాసుకో అయితే. ఆయన దగ్గు గురించి మాత్రం మరీ ఎక్కువ రాయకు."

రాయలేదు.